ఆశానిగ్రహము: ఓర్చుకోవడం వేరు, ఏలుకోవడం వేరు

ఈ సంచికలో స్త్రీల పాఠముగా ఆశానిగ్రహము అనే అంశమును తీసుకున్నాము. పౌలు గలతీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయం 22, 23 వచనములు ముందుగా తెరచి చదువుకొని, తర్వాత ఈ పాఠము చదవండి. ఇంట్లో చదువు రాని పెద్దవారు ఉంటే వారికి చదివి వినిపించండి.

ఆ వచనములలో ఆత్మఫలము తొమ్మిది విధములుగా చెప్పబడింది. చివరిది ఆశానిగ్రహము. గ్రీకు మూలములో ఆ మాట ఎంక్రాతేయ. లోపల అనే మాట, బలము లేక ఏలుబడి అనే మాట కలిసి అది ఏర్పడింది. అంటే మనిషి లోపల పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయి అన్నదే ప్రశ్న. సాధారణంగా ఈ మాట వినగానే మనకు కోపము, నాలుక, బట్టలు, నగలు గుర్తుకొస్తాయి. స్త్రీల కూడికల్లో ప్రసంగములు కూడా వాటి మీదే ఎక్కువ జరుగుతాయి. అవి అవసరమే. కానీ ఆసుపత్రి వార్డుల్లో మేము చూసే సంగతులు వేరు గనుక వాటి గురించి వ్రాయాలని అనుకున్నాము.

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుప్రక్కల మన కుటుంబాల స్త్రీలకు క్రమశిక్షణ లేదని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, నీళ్ళు పట్టి, వాకిలి ఊడ్చి, పిల్లలకూ భర్తకూ డబ్బాలు కట్టి, ఆరున్నరకు కంపెనీ బస్సు అందుకునే అక్కలు ఎంతమంది! తుర్కపల్లి వైపు మందుల కంపెనీలకు, గుండ్లపోచంపల్లి బట్టల కంపెనీలకు, కోళ్ళ ఫారాలకు, కాలేజీల హాస్టళ్ళలో వంటకు వెళ్ళేవారు ఒక్క రోజు ఆలస్యమైనా జీతం కోత పడుతుందని గడియారం కంటే ముందు నడుస్తారు. ఇంతటి క్రమము గల స్త్రీ షుగర్ పరీక్ష చేస్తే 320 వస్తుంది. "గోలీలు వేసుకుంటున్నవా అమ్మా?" అంటే, "పోయిన నెల అయిపోయినయి సిస్టరమ్మా, తెచ్చుకునే పుర్సత్ దొరకలే" అంటుంది. అదే నెలలో అత్తమ్మకు కళ్ళ ఆపరేషన్ చేయించింది, చిన్నోడికి యూనిఫారం కుట్టించింది, చీటీ కట్టింది. క్రమము ఆమెకు ఉంది. అదంతా ఇంటివాళ్ళకూ కంపెనీకీ ఖర్చయిపోయి తన దగ్గరకు వచ్చేసరికి అయిపోయింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. పౌలు చెప్పిన తొమ్మిదింటిలో దీర్ఘశాంతము నాలుగవది, ఆశానిగ్రహము తొమ్మిదవది. రెండూ ఒకటే అయితే ఆయన రెండుసార్లు వ్రాయవలసిన పని లేదు. కానీ మన స్త్రీలు ఆ రెండింటినీ కలిపేశారు. నొప్పిని ఓర్చుకోవడం, ఆకలిని ఓర్చుకోవడం, జ్వరంతోనే వంట చేయడం, ఇదే భక్తి గల స్త్రీ లక్షణము అనుకుంటున్నారు. ఓర్చుకోవడం అంటే వచ్చినదాన్ని భరించడం. ఆశానిగ్రహము అంటే ఏమి చేయాలో తెలుసుకొని, మనస్సు వద్దన్నా, భయము వద్దన్నా ఆ పని చేయడం. వంట కాగానే చాలు అనిపించినా అరగంట నడవడం ఆశానిగ్రహము. గడ్డ తగిలినప్పుడు భయాన్ని అణచుకొని డాక్టరమ్మకు చూపించడం ఆశానిగ్రహము.

గడ్డ మాట ఎందుకు ఎత్తామంటే, దాని కోసమే సగం ఈ పాఠము వ్రాస్తున్నాము. ఉపవాస కూడిక ఒక్కటి కూడా తప్పని తల్లులు, ఉదయం అయిదు గంటల ప్రార్థన ఒక్క రోజు మానని తల్లులు, రొమ్ములో గడ్డ పెట్టుకొని ఏడెనిమిది నెలలు ఎవరికీ చెప్పకుండా ఉండి వస్తున్నారు. "నొప్పి లేదు గదా అని ఊకున్న" అంటారు. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. నొప్పి లేకపోవడం మంచి గుర్తు కాదు. మన దేశంలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు వచ్చినవారికీ, చర్మము పగిలి పుండు పడ్డాక వచ్చినవారికీ మేము చేయగలిగినదాంట్లో ఎంత తేడా ఉంటుందో మీకు మాటల్లో చెప్పలేము. నెలసరి ఆగిపోయిన తర్వాత మళ్ళీ రక్తము కనబడినా, భర్తతో కలిసిన తర్వాత రక్తము వచ్చినా, వాసనతో తెల్లబట్ట అవుతున్నా అదే మాట. సిగ్గుపడి దాచవద్దు. 30 ఏళ్ళు దాటిన స్త్రీలకు గర్భాశయ ముఖద్వారము, రొమ్ము, నోరు పరీక్షించే ఏర్పాటు ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమములో కూడా ఉంది. పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక 1:7లో దేవుడు మనకు ఇచ్చిన ఆత్మ ఎటువంటిదో చెబుతూ, పిరికితనమును ఒక ప్రక్క, నిగ్రహమును మరొక ప్రక్క పెట్టాడు. దాచిపెట్టడం ఏ ప్రక్కకు చెందుతుందో మీరే ఆలోచించండి.

ఇప్పుడు 1 కొరింథీయులకు 9:24 నుండి 27 వరకు చదవండి. పరుగుపందెము పోలిక అది. కొరింథు పట్టణము దగ్గరే రెండేళ్ళకొకసారి ఇస్త్మియా ఆటలు జరిగేవి. గెలిచినవారికి ఆకులతో అల్లిన కిరీటము పెట్టేవారు. నాలుగు రోజుల్లో వాడిపోయే కిరీటము కోసం ఆటగాళ్ళు నెలల తరబడి తిండిలో, నిద్రలో కట్టుబాటుగా ఉండేవారు. ఆ చదువరులకు అది కళ్ళ ముందు జరిగే విషయమే. మనకూ అంతే. అల్వాల్ దాటి శామీర్‌పేట వచ్చే దారిలో హకీంపేట క్రీడా పాఠశాల ఉంది. అక్కడి పిల్లలు రోజూ పొద్దున్నే లేచి చేసే సాధన గురించి మీలో చాలామంది విని ఉంటారు. మన పి.వి. సింధు 2016లో రియో ఒలింపిక్స్‌లో వెండి పతకము తెచ్చినప్పుడు, ఆమె కోచ్ గోపీచంద్ గారు మూడు నెలలు ఆమె దగ్గర ఫోను లేకుండా చేశారనీ, ఇష్టమైన ఐస్‌క్రీమ్ కూడా మాన్పించారనీ పేపర్లలో చదువుకున్నాము. ఆ వార్తలో మాకు నచ్చినది ఫోను సంగతి కాదు. అంత పెద్ద క్రీడాకారిణి కూడా తన నిగ్రహము మీద తానొక్కతే ఆధారపడలేదు. చూసేవారు ఒకరు పక్కన ఉన్నారు. ఫోను చేతికి అందకుండా పెట్టారు.

ఇది చాలా ముఖ్యము. మనస్సు గట్టి చేసుకుంటే చాలు అనుకునేవారు ఎక్కువగా పడిపోతారు. ఎదురుగా మిక్చర్ డబ్బా పెట్టుకొని రోజంతా దానితో పోరాడటం కంటే, ఆ డబ్బా ఇంట్లోకి తేకపోవడం సులువు. బి.పి. గోలీలు బీరువాలో బట్టల కింద పెట్టి గుర్తుంచుకోవడం కష్టము. పళ్ళు తోముకునే బ్రష్షు పక్కన పెడితే (చిన్నపిల్లలు ఉన్న ఇల్లయితే వాళ్ళకు అందని ఎత్తులో) చెయ్యి దానంతట అదే వెళుతుంది. లండన్‌లో 96 మంది మీద చేసి 2009లో ప్రచురించిన ఒక పరిశోధనలో, కొత్త పని ఒకటి అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోయాయి, కొందరికి 254 రోజుల వరకు పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టము రాలేదని కూడా వారు చూశారు. "మూడు రోజులు నడిచిన, నాలుగో రోజు తప్పింది, ఇక నాతోని కాదు" అని వదిలేసే అక్కలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. అయిదో రోజు ఉంది కదా.

గోలీల విషయములో మేము రోజూ వినే మాట, "ఇప్పుడు మంచిగనే ఉన్న గదా, ఇంకెందుకు?" బి.పి. మంచిగా ఉన్నది గోలీ వేసుకుంటున్నందువలన. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి వారి పెద్ద సర్వే ప్రకారము మన దేశములో సుమారు 10 కోట్ల మందికి షుగర్, 31 కోట్లకు పైగా మందికి బి.పి. ఉన్నాయి. బి.పి.కి తలనొప్పి రావాలని లేదు, కళ్ళు తిరగాలని లేదు. ఏమీ తెలియకుండానే ఒక ఉదయం మూతి వంకర పోయి, చెయ్యి పడిపోయి ఆటోలో వస్తారు. 140/90 కన్నా పైన ఉందని చెప్పినవారు డాక్టరు మాన్పించేవరకు మానకండి. మాత్రలు మానడం విశ్వాసానికి గుర్తు అని ఎవరైనా సాక్ష్యము చెబితే, వారిని నొప్పించకుండా యెషయా 38వ అధ్యాయము చూపించండి. హిజ్కియా కన్నీళ్ళతో ప్రార్థించాడు, దేవుడు ఆలకించాడు, ఆ అధ్యాయము చివరలోనే అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టమన్న మాట కూడా ఉంది. పౌలుతో కూడా తిరిగిన లూకా వైద్యుడు. ప్రార్థనకు మందు అడ్డు రాదు.

మందు క్రమంగా తీసుకోవడం మన తెలంగాణ సంఘ చరిత్రలోనే ఒక పెద్ద పాఠము. మేడ్చల్ మీదుగా నిజామాబాద్ వెళ్ళే రైలు మార్గము, రోడ్డు, రెండూ డిచ్‌పల్లిని తాకుతాయి. 1907లో స్కాట్లాండు నుండి డాక్టర్ ఇసబెల్ కెర్ తన భర్త రెవరెండ్ జార్జ్ కెర్ గారితో ఈ ప్రాంతానికి వచ్చారు. అప్పుడు ఇది నిజాం రాజ్యము. కుష్ఠు రోగులను ఊళ్ళు బయటకు తోసేసిన రోజులు అవి. నిజామాబాద్‌కు చెందిన దాత నర్సాగౌడ్ గారు, హిందువు, సాయము చేయగా 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రి నిలబడింది. ఆ కాలములో ఉన్న మందు చాల్మూగ్రా నూనె. అది ఇంజెక్షనుగా ఇచ్చేవారు. చిక్కటి నూనె, సూది గుచ్చిన చోట చాలా నొప్పి. ఒకటి రెండు కాదు, నెలల తరబడి, సంవత్సరాల తరబడి వేయించుకోవాలి. ఫలితము కంటికి కనబడటానికి చాలా కాలము పట్టేది. అయినా ఆ రోగులు వరుసలో నిలబడి వేయించుకున్నారు. వేసేవారికీ అంతే ఓపిక కావాలి. ఇసబెల్ కెర్ గారు 1932లో చనిపోయేవరకు ఈ పనిలోనే ఉన్నారు. ఇప్పుడు అదే రోగానికి 1982 నుండి వచ్చిన బహుళ ఔషధ చికిత్స ఉంది. 6 నెలలు లేక 12 నెలలు గోలీలు, అవీ ఉచితము. క్షయకు మామూలుగా 6 నెలలు. రెండో నెలకే దగ్గు తగ్గి, ఒళ్ళు చేసి, "నయమైంది" అని మానేస్తే మందులకు లొంగని క్షయ వచ్చే ప్రమాదము ఉంది. అది ఇంట్లో పిల్లలకు కూడా అంటుకుంటుంది. ఆనాడు నూనె సూదులు వేయించుకున్నవారిని తలచుకుంటే ఆరు నెలల గోలీలు ఎక్కువ అనిపించవు మాకు.

ఇక ఉపవాసము. ఈ భాగము షుగర్ ఉన్నవారు రెండుసార్లు చదవాలి. భస్మ బుధవారము మొదలుకొని శ్రమల దినములు నలభై రోజులు వస్తే, సాయంత్రం వరకు ఏమీ తినకుండా ఉండి, ప్రార్థనలో కూలబడిపోయి వచ్చేవారు మాకు తప్పరు. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి గోలీలు గానీ తీసుకొని తినకుండా ఉంటే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, కళ్ళు మసకబారడం, మాట తడబడటం దాని గుర్తులు. ఆత్మ దిగింది అనుకొని పక్కవారు చప్పట్లు కొడుతుంటే ఆమె మెదడుకు చక్కెర అందక పడిపోతున్నది! అలాంటప్పుడు వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి త్రాగించండి, పదిహేను నిమిషాలు చూసి, తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి, తర్వాత అన్నము పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు పడుకోబెట్టి 108కు ఫోను చేయండి. మరి కొందరు దీనికి భయపడి ఉపవాస దినాల్లో మందే మానేస్తారు, వారికి షుగర్ 400 దాటుతుంది. షుగర్ ఉన్నవారు, గర్భవతులు, పాలిచ్చే తల్లులు, క్షయ మందులు వాడేవారు అన్నము మానే ఉపవాసము చేయకండి. చేయాలని ఉంటే ముందు డాక్టరును అడగండి. యెషయా 58వ అధ్యాయములో దేవుడు ఏ ఉపవాసము కోరుతున్నాడో చదివితే, అక్కడ ఖాళీ కడుపు కంటే, ఆకలిగొన్నవారితో ఆహారము పంచుకోవడం పెద్ద సంగతిగా కనబడుతుంది. నలభై రోజులు సీరియళ్ళు మానండి. టీలో చక్కెర మానండి. రాత్రి తొమ్మిది తర్వాత ఫోను మానండి. అది మానినప్పుడు తెలుస్తుంది ఉపవాసము ఎంత కష్టమో.

టీ లెక్క ఒకసారి చూద్దాము. కంపెనీలో రెండు, ఇంట్లో మూడు, మొత్తము అయిదు టీలు. ఒక్కొక్క దానిలో రెండు చెంచాలు. పది చెంచాలు, అంటే దాదాపు 40 గ్రాముల చక్కెర. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలు అంటుంది. మిఠాయి ముక్క ముట్టకుండానే దాటిపోయాము. ఉప్పు 5 గ్రాములు, అంటే అంతా కలిపి ఒక చిన్న చెంచా. తొక్కు, పచ్చళ్ళు, అప్పడాలు, పచ్చిపులుసులో వేసేది, అన్నీ అందులోనే. దానియేలు గ్రంథము మొదటి అధ్యాయములో ఆ నలుగురు యువకులు రాజు భోజనము వద్దని, పది రోజులు పరీక్షించి చూడమన్నారు. జీవితాంతం అని అడగలేదు. మేము కూడా రోగులకు అదే చెబుతాము. పది రోజులు చక్కెర లేని టీ త్రాగి చూడండి. పదకొండో రోజు సంగతి తర్వాత చూద్దాము. రాత్రి అన్నము బదులు జొన్నరొట్టె మంచిదే, కానీ జొన్నరొట్టె అని నాలుగు తింటే అన్నము తిన్నట్టే. మా మాట నమ్మండి, రొట్టె షుగర్ మందు కాదు.

స్త్రీలకే ఉన్న ఒక బలహీనత ఇంకొకటి. పిల్లలు వదిలేసింది పారేయలేక తినడం. తన అన్నము తిన్నాక, చిన్నోడి కంచములో మిగిలింది, గిన్నెలో అడుగంటింది. పొదుపు గుణమే అది, తప్పు పట్టడానికి మనస్సు రాదు. అయితే కొంచెం తక్కువ వండుకోవడంలో కూడా పొదుపు ఉంది. మరి కొందరు దీనికి పూర్తిగా వేరు. అందరూ తిన్నాక మిగిలితే తింటారు, కూర అయిపోతే తొక్కు వేసుకొని లేస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మెట్లెక్కితే ఆయాసము, ఎప్పుడూ నీరసము, పిల్లల మీద చిరాకు. చిరాకుకు పాస్టరమ్మ దగ్గర ప్రార్థన చేయించుకుంటారు, హిమోగ్లోబిన్ చూస్తే 7 ఉంటుంది. ఐరన్ గోలీ టీతో వేసుకోకండి, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ నీళ్ళతో గానీ ఉసిరికాయతో గానీ వేసుకుంటే బాగా పడుతుంది. మలము నల్లగా వస్తే భయపడవద్దు. కూరలో మీ వాటా ముందే గిన్నెలో తీసిపెట్టుకోండి. మీ కోడలి వాటా కూడా.

తర్వాతి సంగతి కొందరికి చదవడానికి ఇబ్బందిగా ఉంటుంది. కల్లు. మన పల్లెల్లో ఆడవాళ్ళు కూడా త్రాగుతారని మనందరికీ తెలుసు, సంఘములో మాత్రం ఎవరూ మాట్లాడరు. చెట్టు నుండి దించిన కల్లు వేరు, దుకాణములో అమ్మే తెల్లటి నీళ్ళు వేరు. వాటిలో అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి నిద్రమందులు కలిపి అమ్ముతున్నట్టు మన రాష్ట్రములో ఎన్నోసార్లు బయటపడింది. 2025 జూలైలో మన జిల్లాలోనే కూకట్‌పల్లి ప్రాంతములో కల్తీ కల్లు త్రాగి మనుషులు చనిపోయారు. దీనికి అలవాటుపడిన తల్లి ఒక ఆదివారము వాక్యము విని, కన్నీళ్ళతో తీర్మానము చేసుకొని, ఆ రోజు నుండే పూర్తిగా మానేస్తుంది. రెండో రోజు చేతులు వణుకుతాయి, నిద్ర ఉండదు. మూడో రోజు లేనివి కనబడుతున్నాయని అరుస్తుంది, ఫిట్స్ వస్తాయి. ఇంటివాళ్ళు దయ్యము పట్టిందని అనుకుంటారు. దయ్యము కాదు. మందుకు అలవాటుపడిన మెదడు ఆ మందు ఒక్కసారిగా ఆగిపోతే అలా చేస్తుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలన్నీ మూతపడినప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి లక్షణాలతో ఎంతోమందిని తీసుకొచ్చారు. ఫిట్స్ వలన ప్రాణము పోవచ్చు. అందుచేత మానాలనే తీర్మానము చేసుకున్న రోజే ఆసుపత్రికి రండి. కొన్ని రోజులు మందుల సాయంతో మెల్లగా తగ్గిస్తాము. ఇలా వచ్చిన తల్లిని విశ్వాసము తక్కువ గలదని మన సంఘములో ఎవరూ అనకూడదు. మా దృష్టిలో ఆమె చేసినదే నిగ్రహము గల పని. పొగాకు నమిలేవారికి, గుట్కా వేసుకునేవారికి, పళ్ళకు నల్లపొడి రుద్దుకునేవారికి ఇంత ప్రమాదము లేదు, వెంటనే మానవచ్చు. నోట్లో తెల్లమచ్చ గానీ మానని పుండు గానీ ఉంటే రెండు వారాలకు మించి ఆగవద్దు.

అలవాట్లు ఒంటరిగా మారవు అనడానికి మన తెలుగు నేలలోనే పెద్ద సాక్ష్యము ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో వయోజన విద్య తరగతులకు రాత్రిపూట వచ్చిన స్త్రీలు, రోశమ్మ గారు మొదలైనవారు, కూర్చొని మాట్లాడుకొని సారా దుకాణాన్ని ఊళ్ళో లేకుండా చేశారు. అది ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రములో సారా నిషేధము వచ్చింది. ఒక్కొక్క భార్య తన ఇంట్లో ఒక్కతే ఏడ్చినంత కాలము ఏమీ కాలేదు. మన స్త్రీల సమాజములు ప్రతి వారము కూడుకుంటున్నాయి. ప్రార్థన అయ్యాక అరగంట అందరూ కలిసి నడిస్తే ఎవరు ఆపుతారు? శామీర్‌పేట చెరువు కట్ట వైపో, మీ కాలనీ సందుల్లోనో, వారానికి అయిదు రోజులు ముప్పై నిమిషాలు, చెమట పట్టేంత వేగముతో. మోకాళ్ళ నొప్పులవారు మెల్లగానే నడవండి.

సామెతలు 25:28 చూడండి. తన మనస్సును అణచుకోలేనివారిని ప్రాకారము కూలిన పట్టణముతో పోల్చాడు జ్ఞాని. ప్రాకారము ఉంటే దానికి గుమ్మాలు కూడా ఉంటాయి, మూయవలసిన వేళ మూయడానికి. రాత్రి పదకొండు వరకు ఫోనులో వీడియోలు చూసి నాలుగున్నరకు లేచే ఒంటికి అయిదున్నర గంటల నిద్రే దొరుకుతుంది. పెద్దవారికి కనీసం ఏడు గంటలు కావాలి. ఫోనును వంటింట్లో చార్జింగ్ పెట్టి పడుకోండి. పక్కింటివారు ప్రతి ఫంక్షనుకూ పిలిచి పెట్టే స్వీటుకు "వద్దమ్మా, షుగర్ ఉంది" అని నవ్వుతూ చెప్పడము నేర్చుకోండి.

గుమ్మము మూయడమంటే ఇంకొకటి కూడా. భర్త కొడుతుంటే నోరు మూసుకొని పడి ఉండటానికి ఆశానిగ్రహము అని పేరు పెట్టవద్దు. అది ఆమె నిగ్రహము తక్కువైనందున వచ్చిన కష్టము కాదు, అతనికి నిగ్రహము లేనందున వచ్చినది. డ్రెస్సింగ్ గదిలో "మెట్ల మీద పడ్డ" అని చెప్పే అక్కల గాయాలను మేము కట్టు కడుతూనే ఉన్నాము. 2005 గృహహింస చట్టము ఉంది. 181కి ఫోను చేస్తే స్త్రీలకు సహాయము దొరుకుతుంది, అత్యవసరమైతే 112. మా నర్సులలో ఎవరితోనైనా విడిగా మాట్లాడవచ్చు.

స్త్రీల కూడికలో ఈ పాఠము చదివినవారు కాసేపు ఈ ప్రశ్నల మీద మాట్లాడుకోండి: దీర్ఘశాంతము అనుకొని మనము దాచిపెట్టిన జబ్బు ఏదైనా ఉందా? మన ఇంట్లో అందరి మందులు ఎవరు గుర్తుపెట్టుకుంటున్నారు, ఆమె మందు ఎవరు గుర్తుపెట్టుకుంటున్నారు? మన సంఘ విందుల్లో షుగర్ ఉన్నవారికి తినదగినది ఏదైనా వడ్డిస్తున్నామా? మూడవ ప్రశ్న సంఘ పెద్దలకు కూడా వినిపించండి, వంట లెక్క వారి చేతిలో ఉంటుంది కాబట్టి.

చివరిగా ఒక చిన్న పని. పది రూపాయల నోటుపుస్తకము ఒకటి కొనుక్కోండి. పేజీకి ఒక వారము. ఏడు గీతలు గీసి, రోజూ పడుకునే ముందు మూడే మూడు సంగతులు గుర్తు పెట్టండి: గోలీ వేసుకున్నానా, నడిచానా, నా కూర వాటా నేను తిన్నానా. చదువు రానివారు చుక్క పెడితే చాలు, మనవరాలితో పెట్టించినా చాలు. చుక్కలు తప్పిన రోజులు కొట్టివేయకుండా అలాగే ఉంచండి. ఏ రోజుల్లో తప్పుతున్నదో చూస్తే మాకు మందు వేళలు మార్చడానికి వీలవుతుంది. నైట్ షిఫ్టు వారములోనే అన్నీ తప్పుతున్నాయని అలా చూస్తేనే తెలిసేది. బి.పి., షుగర్ చూపించుకోవడానికి వచ్చేటప్పుడు పాత చీటీలతో పాటు ఆ పుస్తకము కూడా తీసుకురండి. ఓ.పి. టికెట్టు తీసుకునే చోటనే మా సిస్టర్లు అడుగుతారు.